పేలని బాంబు, పెదవి విప్పని సాక్షి

ఆయుధం పేలి మనుషులు చనిపోతే దాని వెంట కేసు, విచారణ, పరిహారం, శాసనసభలో ప్రశ్న, ఏదో ఒకటి వస్తుంది. పేలవలసిన చోట పేలకుండా మట్టిలోనో నీటిలోనో పొదల్లోనో మిగిలిపోయి, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో ఏ సంబంధమూ లేని మనిషి చేతికి చిక్కే పేలుడు వస్తువు విషయంలో ఇవేవీ సక్రమంగా జరగవు. దాన్ని అక్కడ వదిలినవారు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. దాన్ని మొదట చూసినవాడు, చాలా సందర్భాల్లో, తాను ఆ చోట ఎందుకు ఉన్నాడో చెప్పుకోలేని స్థితిలో ఉంటాడు. సైనిక భూముల్లో దొంగచాటుగా వేటాడేవాడు, ఫైరింగ్ రేంజిలో ఇనుప ముక్కలు ఏరుకునేవాడు, అభయారణ్యంలో ఉచ్చులు పన్నేవాడు, నిషేధించిన నీళ్లలో వల వేసేవాడు పేలని గుండును చూస్తే, చూసిన సంగతి బయటపెట్టడానికి ముందు తన తప్పు బయటపెట్టుకోవాలి. అందుకే అతను నోరు మెదపడు. పేలని ఆయుధాల వల్ల జరిగే ప్రాణనష్టంలో కొంత భాగం ఈ మౌనం నుంచే పుడుతుంది. దాన్ని తొలగించే మార్గం చట్టంలో లేకపోవడం మన విధానంలోని అసలు లోపం.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది. పత్తికి, మిరపకు పేరుపడ్డ ఈ మైదానం ఆధునిక యుద్ధాన్ని చూసిన నేల కాకపోయినా, పేలుడు వస్తువులు దీనికి అన్ని దిక్కుల నుంచీ చేరుతున్నాయి. తూర్పున బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో భారత వైమానిక దళం క్షిపణులను ప్రయోగించే కేంద్రం ఉంది. పడమట మాచర్ల నుంచి యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు దాకా అల్లుకున్న నల్లమల, దశాబ్దాల పాటు మందుపాతరలకు, ఆయుధ డంపులకు ఆశ్రయమిచ్చింది. ఈ రెండింటి నడుమ చీమకుర్తి, బల్లికురవ గ్రానైట్ క్వారీలు, పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతాల సున్నపురాతి గనులు జిలెటిన్ కడ్డీలతో, డెటోనేటర్లతో నడుస్తున్నాయి. పల్నాడు గ్రామకక్షల్లో నాటుబాంబులకు ఉన్న చరిత్ర తెలియనిది కాదు. 2024 మే 13 పోలింగు తర్వాత జరిగిన అల్లర్లు, వాటి వెంట సాగిన పోలీసు సోదాలు ఆ చరిత్ర ఇంకా ముగియలేదని చూపాయి. వీటన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చి, రైతుకూలీకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మరొకటి: అడవిపందుల వేట కోసం చేల గట్ల మీద పెట్టే నాటుబాంబు.

పేలుడు వస్తువు పేలకుండా ఎందుకు మిగిలిపోతుందో తెలిస్తే అది ఎందుకంత ప్రమాదకరమో అర్థమవుతుంది. కర్మాగారంలో తయారైన గుండులో సాధారణంగా మూడు అంచెలు ఉంటాయి: కొద్దిపాటి తాకిడికే రాజుకునే స్వల్ప పరిమాణపు మందు, దాని శక్తిని పెంచే మధ్య అంచె, నష్టం కలిగించే ప్రధాన పేలుడు పదార్థం. మొదటి అంచెను సరైన క్షణంలో కదిలించే యంత్రాంగాన్ని ఫ్యూజ్ అంటారు. గుండు మెత్తటి బురదలో దిగబడినా, ఏటవాలుగా నేలను తాకినా, ఫ్యూజ్ భాగాలు తుప్పుపట్టినా మొదటి అంచె సగం కదిలి ఆగిపోవచ్చు. అప్పుడు ఆ గుండు ప్రయోగించక ముందు ఉన్న భద్రతను కోల్పోతుంది, పేలుడు శక్తిని మాత్రం కోల్పోదు. ఎంత కదిలిస్తే పేలుతుందో దాన్ని తయారుచేసినవారు సైతం చెప్పలేరు. నాటుబాంబులో ఈ అంచెలు, రక్షణలు ఏవీ ఉండవు. ఒత్తిడికి, రాపిడికి వెంటనే పేలే మందును నేరుగా చుట్టగట్టి ఉంచుతారు కాబట్టి అది మొదటి నుంచీ అదుపు లేని వస్తువే. కాలం గడిచిన కొద్దీ అవి నిర్వీర్యమైపోతాయన్న నమ్మకం పల్లెల్లో ఉంది గానీ, ఆ నమ్మకం మీద చేయి వేయడం ప్రాణంతో చెలగాటం.

దీనికి నేల స్వభావం కూడా తోడవుతుంది. గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో ఎక్కువ భాగం నల్లరేగడి. వానకు నీరు పీల్చి ఉబ్బి, వేసవికి లోతుగా బీటలు వారే బంకమట్టి అది. ఏటేటా సాగే ఈ ఉబ్బడం, కుంచించుకుపోవడం వల్ల పై మట్టి బీటల్లోకి జారడం, లోపలి మట్టి మీదికి నెట్టుకురావడం జరుగుతుందని భూసార శాస్త్రం చెబుతుంది. పాతిపెట్టినది పాతిపెట్టిన చోటే ఉంటుందన్న భరోసా ఇలాంటి నేలలో లేదు. వేసవి దుక్కిలో ట్రాక్టరు నాగలి ఆ మిగిలిన భరోసాను కూడా తీసేస్తుంది.

సూర్యలంక విషయానికి వస్తే, బాపట్ల పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరం ప్రజలకు విహార స్థలంగా పరిచయం. దాని పక్కనే ఉన్న వైమానిక దళ స్టేషన్‌లో నేల మీది నుంచి గగనంలోని లక్ష్యాలను కూల్చే క్షిపణులను సాధన కోసం, పరీక్ష కోసం సముద్రం మీదికి ప్రయోగిస్తారు. 2020 చివరలో ఇక్కడ జరిగిన విన్యాసాల్లో ఆకాశ్ క్షిపణులను, భుజం మీద నుంచి పేల్చే ఇగ్లా క్షిపణులను ప్రయోగించారు. 2023 డిసెంబరులో అస్త్రశక్తి పేరుతో జరిగిన విన్యాసంలో ఒకే ఆకాశ్ ఫైరింగ్ యూనిట్ నాలుగు లక్ష్యాలను ఒకేసారి ఛేదించినట్టు రక్షణశాఖ ప్రకటించింది. సమర్ అనే మరో క్షిపణి వ్యవస్థను కూడా అక్కడే పరీక్షించారు. సుమారు 720 కిలోల బరువున్న ఆకాశ్ క్షిపణి పని ముగిశాక దాని లోహపు శకలాలు సముద్రంలోనే పడతాయి. శత్రు విమానానికి బదులుగా గాలిలో ఎగరేసే లక్ష్య డ్రోన్లు కూడా, కూలినవైనా ఇంధనం అయిపోయినవైనా, నీళ్లలోకే చేరతాయి. వీటిలో కొన్ని కొట్టుకుపోయి ఎక్కడ తేలతాయో ప్రవాహం నిర్ణయిస్తుంది. ఒకసారి శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో మత్స్యకారులకు చిన్న విమానం ఆకారంలో ఉన్న వస్తువు ఒకటి దొరికింది. దాని మీద బాన్షీ టార్గెట్ అని రాసి ఉంది. బాన్షీ అంటే సైనిక సాధనలో వాడే లక్ష్య డ్రోన్. ఆ మత్స్యకారులు దాన్ని ఒడ్డుకు చేర్చి కబురు పెట్టారు, అధికారులు వచ్చారు, కథ సుఖాంతమైంది. వాళ్లు కబురు పెట్టగలిగింది, తమ సొంత వేట నీళ్లలో, ఏ తప్పూ చేయని సమయంలో అది దొరికింది కాబట్టి.

ప్రయోగాల రోజుల్లో నిర్ణీత ప్రాంతంలోకి పడవలు రాకూడదని ముందుగానే హెచ్చరికలు జారీ అవుతాయి. భద్రతరీత్యా అది తప్పనిసరి, దానిలో ఆక్షేపించడానికి ఏమీ లేదు. కానీ సూర్యలంకకు అటు నిజాంపట్నం, ఇటు వాడరేవు మధ్య చిన్న ఫైబర్ బోట్ల మీద వేటకు వెళ్లేవారికి వేట లేని రోజు అంటే డబ్బు లేని రోజు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి భృతి ఇస్తుంది. 2025లో ఆ మొత్తాన్ని పది వేల నుంచి ఇరవై వేల రూపాయలకు పెంచారు. చేపల సంతతి పెరగడం కోసం వేట ఆపిన రోజుకు వెల కట్టిన ప్రభుత్వం, దేశరక్షణ కోసం వేట ఆపిన రోజుకు కూడా అదే లెక్కన వెల కట్టడం న్యాయం. అది జరగనంత కాలం హెచ్చరికను దాటి వెళ్లే పడవ ఒకటైనా ఉంటుంది. ఆ పడవ వలలో లోహపు గొట్టం పడితే దాని ముందు మిగిలే దారులు రెండే: వల కోసి దాన్ని మళ్లీ సముద్రంలోకి వదిలేయడం, లేదా గుట్టుగా ఒడ్డుకు తెచ్చి పాత సామాన్ల కొట్టుకు అమ్మేయడం. మొదటిది మరొక వలకు ప్రమాదం, రెండోది కొట్టులో సుత్తి పట్టే కుర్రవాడికి ప్రమాదం.

మైదానం పడమటి అంచున పరిస్థితి ఇంతకంటే దారుణం. అడవిపందులు మొక్కజొన్న, కంది, శనగ, వేరుశనగ చేలను ఒక్క రాత్రిలో పాడుచేస్తాయి; కొండవార పొలాల్లో అవి నడిచిన చోట మిరప మొక్క కూడా నిలవదు. పంట కాపాడుకోవాలనుకునే రైతు ఒకవైపు, మాంసం అమ్ముకునే వేటగాడు మరొకవైపు వాటికోసం వాడే సాధనాల్లో ఉచ్చు, కరెంటు తీగ, నాటుబాంబు ముఖ్యమైనవి. కరెంటు తీగ తీసే ప్రాణాల సంగతి వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. నాటుబాంబు మాత్రం చూడటానికి ఏ భయమూ పుట్టించని వస్తువు: నిమ్మకాయంత ఉండ, దాని చుట్టూ బిగించి చుట్టిన దారమో గుడ్డ పేలికో, పంది వాసన పట్టేందుకు పైన అంటించిన కోడిపేగో పిండిముద్దో. పందులు నడిచే బాటల్లో, నీటి గుంటల దగ్గర, చేను గట్టు పొడవునా వీటిని చీకటిపడ్డాక పెడతారు. పంది కొరికితే దవడ చీలిపోయి కొంత దూరం పరుగెత్తి పడిపోతుంది. కొరకనివాటిని వేటగాడు తెల్లవారకముందే ఏరుకోవాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. రాత్రి వాన కురిసి గట్టు జారవచ్చు. కుక్కో నక్కో ఒకదాన్ని నోట కరుచుకుని పక్క చేనులో వదిలేయవచ్చు. ఫారెస్టు సిబ్బంది వాహనం వెలుగు కనబడి మనుషులు పరుగెత్తవచ్చు. పదింటిలో ఎనిమిదే దొరికితే మిగిలిన రెండింటి కోసం పగటివేళ వెతకడానికి వాళ్లు రారు, ఆ చేను రైతుకు చెప్పరు. వేట నేరం, పేలుడు వస్తువు నేరం, పరాయి చేనులో దాన్ని పెట్టడం మరో నేరం కాబట్టి మూడింటినీ ఒప్పుకుంటూ వచ్చి హెచ్చరించే మనిషి ఉండడు.

ఆ రెండు ఉండలు తర్వాత ఎవరి కంటపడతాయన్నది ఈ ప్రాంతపు వ్యవసాయ క్యాలెండరు చెబుతుంది. ఖరీఫ్ ముగిసే వేళకు పత్తి తీత మొదలవుతుంది, చాళ్ల మధ్య వంగి నడిచే మహిళా కూలీల చేతులు నేలకు జానెడు ఎత్తులోనే ఉంటాయి. జనవరి నుంచి మిరప కోతలు ఊపందుకుంటాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వంటి పశ్చిమ కర్నూలు ప్రాంతాల నుంచి కుటుంబాలు పిల్లలతో సహా కోతలకు వలస వచ్చి, చేల పక్కనే డేరాలు వేసుకుని వారాల తరబడి ఉంటాయి. కోత ముగిసిన చేలలోకి గొర్రెలు, బర్రెలు మేతకు దిగుతాయి. ఊరివాళ్లకు ఏ గట్టు మీద పందులు నడుస్తాయో, ఎవరు వేటకు వెళతారో ఎంతో కొంత తెలిసి ఉంటుంది. వలస కూలీ బిడ్డకు దారం చుట్టిన ఉండ ఆటవస్తువు. పశువు కొరికితే దాని దవడ పోతుంది, ఆ పశువు మేత మేయలేక రోజుల తరబడి నరకయాతన పడి చనిపోతుంది. బిడ్డ చేతిలో పేలితే వేళ్లు, కళ్లు పోతాయి. చిత్తూరు జిల్లా అటవీ గ్రామాల్లో ఇలా ఆవుల దవడలు చితికిన ఘటనలు పత్రికల్లో వచ్చాయి. 2020 మే 27న కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పేలుడు పదార్థం నింపిన పండు తిన్న గర్భిణి ఏనుగు నీళ్లలో నిలబడి ప్రాణం విడిచినప్పుడు దేశమంతా కదిలింది; ఆ రోజుల్లోనే హిమాచల్‌ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో పిండిముద్దలో దాచిన పేలుడు పదార్థానికి ఒక ఆవు దవడ ఛిద్రమైంది. ఆ ఆగ్రహం వేటగాడి మీద న్యాయంగానే మళ్లింది గానీ, పేలకుండా మిగిలిన ఉండల జాడ ఎవరు చెబుతారన్న ప్రశ్న వరకు రాలేదు.

చట్టాన్ని పరిశీలిస్తే ఆ ప్రశ్న ఎందుకు రాలేదో తెలుస్తుంది. అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. పంటకో ప్రాణానికో ప్రమాదమని తేలినప్పుడు వన్యప్రాణి విభాగపు ముఖ్య అధికారి, లేదా ఆయన అధికారమిచ్చినవారు అనుమతిస్తేనే దాన్ని చంపవచ్చు. అనుమతి లేని వేటకు జైలు, జరిమానా ఉన్నాయి. పేలుడు పదార్థాన్ని అనుమానాస్పద పరిస్థితుల్లో దగ్గర ఉంచుకున్నవారికి 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఈ రెండు చట్టాలూ అవసరమైనవే. కానీ దొరికిన వస్తువును దాచుకోకుండా వెంటనే చెప్పినవాడికి ఏ రక్షణ ఉందో వీటిలో ఏదీ ముందుగా చెప్పదు. దాన్ని చూసినవాడు తానే పెట్టాడని, తనకు సంబంధం ఉందని పోలీసులు అనుమానిస్తే నిర్దోషిత్వం నిరూపించుకునే భారం ఆచరణలో అతని మీదే పడుతుంది. ఏ కేసులోనూ లేని గొర్రెల కాపరి సైతం దాన్ని కర్రతో తోసి, ముళ్లకంప కప్పి వెళ్లిపోవడం వెనుక ఈ భయం ఉంది.

నల్లమలలో ఇదే భయం మరో రూపంలో పనిచేసింది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు వచ్చిన నక్సలైట్ నాయకులు ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర అడవి వీడి బయటికి వచ్చి, పల్నాడులోని గుత్తికొండ బిలం దగ్గర బహిరంగ సభలో పాల్గొన్నారు. చర్చలు విఫలమై, తర్వాతి రెండేళ్లలో ఉద్యమం ఈ అడవుల నుంచి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది; పాతిపెట్టిన డంపులు మాత్రం మిగిలాయి, వాటిని వెలికితీసినట్టు పోలీసులు ఆ తర్వాత చాలాసార్లు ప్రకటించారు. తేనెకు, దుంపలకు, చిన్న జంతువుల వేటకు అడవిని గాలించే చెంచులకు అడవిలో తవ్విన మట్టి ఆనవాలు అందరికంటే ముందు తెలుస్తుంది. కానీ ఆ సంవత్సరాల్లో డంపు జాడ చెప్పడమంటే ఒక పక్షానికి ఇన్ఫార్మర్‌గా, చెప్పకపోవడమంటే మరో పక్షానికి సానుభూతిపరుడిగా ముద్రపడటం. అడవిని అందరికంటే బాగా ఎరిగినవాడికి నోరు విప్పే వీలు లేకుండా పోయింది.

ఇది గతించిన కథ అనుకోవడానికి వీల్లేదని తెలంగాణలోని ములుగు జిల్లా చెబుతున్నది. వెంకటాపురం, వాజేడు మండలాలకూ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకూ మధ్య ఉన్న కర్రెగుట్టల చుట్టూ బాంబులు అమర్చామని, ప్రజలు అటువైపు రావద్దని మావోయిస్టులు 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. అంతకుముందే, 2024 జూన్‌లో, వాజేడు మండల అడవుల్లో కట్టెల కోసం వెళ్లిన ఒక గ్రామస్థుడు కాలి ఒత్తిడికి పేలే బాంబుకు బలయ్యాడు. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు 21 రోజుల పాటు ఆ గుట్టల్లో సాగిన భద్రతా దళాల ఆపరేషన్‌లో 450 ఐఈడీలు దొరికినట్టు అధికారులు వెల్లడించారు. ఐఈడీ అంటే కర్మాగారంలో కాక చేతికందిన సామగ్రితో ఎక్కడికక్కడ తయారుచేసే పేలుడు సాధనం. మే 8న వాజేడు మండల అడవుల్లో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అమర్చినవారి మ్యాపులు, గుర్తులు వారితోనే పోయిన తర్వాత, దొరకని వాటిని కనిపెట్టేది వేసవిలో తునికాకు కోసే చేతులు, వెదురు నరికే చేతులు, కుందేలు వెంట పరుగెత్తే కాళ్లు. కర్రెగుట్టల్లో ఆపరేషన్ ముగిసిందన్న ప్రకటన తర్వాత రావలసిన తొలి ప్రభుత్వ పత్రం, ఏ దారులు శుద్ధి అయ్యాయో, ఏవి కాలేదో కోయ భాషలోను, తెలుగులోను గ్రామాలకు తెలియజేసేది అయివుండాలి.

సైన్యం సాధన చేసే భూముల విషయంలో భారతదేశానికి చట్టం ఉంది, కానీ అది 1938 నాటిది. సైనిక విన్యాసాలు, ఫీల్డ్ ఫైరింగ్, ఫిరంగి సాధన చట్టంగా పిలిచే దాని ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా కొంత ప్రాంతాన్ని, కొంత కాలానికి ఫైరింగుకు అనుమతిస్తుంది. ఫీల్డ్ ఫైరింగ్ అంటే నిజమైన మందుగుండుతో, బయటి భూమి మీద చేసే సాధన. ప్రమాద మండలం నుంచి మనుషులను, పశువులను తప్పించినందుకు పరిహారం చెల్లించాలని, ఆ పరిహారంలో పోయిన పని, పాడైన పంట కూడా లెక్కలోకి రావాలని ఆ చట్టం చెప్పడం మెచ్చుకోదగింది. వలస పాలకుల కాలపు చట్టమైనా కూలీ దినాన్ని గుర్తించింది. తీరం నుంచి సముద్రం వైపు సాగే ఫిరంగి సాధన కోసం 1949లో విడిగా మరో చట్టం వచ్చింది. ఈ రెండూ తుపాకి, ఫిరంగి యుగపు చట్టాలు. వీటి చూపు ప్రధానంగా కాల్పులు జరిగే రోజు మీద ఉంటుంది. హద్దు మీరి లోపలికి వచ్చినవాడిని, జెండాలను, గుర్తులను కదిలించినవాడిని శిక్షించడం వీటికి తెలుసు, మిగిలిపోయిన గుండును చూసి వచ్చి చెప్పినవాడితో ఏం చేయాలో తెలియదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో కశ్మీర్‌లోని తోసా మైదాన్ చెప్పింది. బుద్గాం జిల్లాలోని ఈ పచ్చిక బయలును 1964లో సైన్యానికి ఫిరంగి సాధన కోసం యాభై ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఆ కాలంలో పేలని గుండ్లకు చుట్టుపక్కల గ్రామాల్లో అరవై మందికి పైగా చనిపోయారని స్థానికులు లెక్క చెబుతారు. వారిలో పశువుల కాపరులు, పిల్లలు ఎక్కువ. గ్రామస్థుల దీర్ఘకాల ఉద్యమం తర్వాత 2014 ఏప్రిల్‌లో లీజు ముగిసింది, సైన్యం గుండ్ల ఏరివేత చేపట్టింది, 2016లో మైదానాన్ని ప్రజలకు తెరిచారు. ఆ తర్వాత కూడా అక్కడ పేలుళ్లు జరిగాయి. బీహార్‌లోని గయ జిల్లాలో 2023 మార్చి 8న, హోలీ రోజున, ఫైరింగ్ రేంజి హద్దు దాటి గులార్‌బేద్ గ్రామంలో పడిన మోర్టారు గుండుకు ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. ఈ రెండు చోట్లా రేంజి పక్కన బతికేవారిని ప్రభుత్వం హద్దు దాటే మనుషులుగానే చూసింది. ఏ రోజు ఎన్ని గుండ్లు పేలలేదో సైన్యానికి తెలిసినదానికీ, అవి ఎక్కడ పడ్డాయో గ్రామస్థులకు తెలిసినదానికీ మధ్య వంతెన కట్టాలన్న ఆలోచన ప్రాణాలు పోయాక గానీ రాలేదు.

ఇంకో రకంగా చేయవచ్చని అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో చేసి చూపించారు. అక్కడ జెఫర్సన్ ప్రూవింగ్ గ్రౌండ్ అనే సైనిక భూమిలో 1941 నుంచి 1995 వరకు మందుగుండును పరీక్షించారు. కర్మాగారం నుంచి వచ్చిన గుండ్లను పేల్చి నాణ్యత తేల్చే చోటును ప్రూవింగ్ గ్రౌండ్ అంటారు. పేలని గుండ్లు లెక్కకు మించి మిగిలాయి, మొత్తం శుద్ధి చేయడం అసాధ్యమని తేలింది. 2000లో అందులో సుమారు 50 వేల ఎకరాలను బిగ్ ఓక్స్ పేరుతో వన్యప్రాణి ఆశ్రయంగా మార్చి, పరిమిత ప్రాంతాల్లో జింకల వేటకు, టర్కీ కోళ్ల వేటకు అనుమతించారు. లోపల అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ పేలని గుండ్లు ఎలా ఉంటాయో చూపే భద్రతా చిత్రాన్ని చూడాలి, ప్రమాదం తమకు తెలుసని సంతకం చేయాలి. గుర్తించు, వెనుదిరుగు, తెలియజేయి అన్న మూడు మాటలను అమెరికా రక్షణశాఖ ప్రజలకు నేర్పే పాఠంగా మార్చింది. వేటగాడికి లైసెన్సు ఉంది కాబట్టి అతను ఆ నేల మీద చట్టబద్ధంగా నడుస్తాడు, చూసినది చూసినట్టు చెబుతాడు. మన దేశంలో వేట నిషేధం సరైనదే, దాన్ని సడలించమని ఈ ఉదాహరణ కోరడం లేదు. ప్రమాదం దగ్గరికి చేరే మనిషిని కబురు తెచ్చేవాడిగా మార్చే పద్ధతి ఒకటి ఉందని మాత్రం ఇది రుజువు చేస్తుంది.

అంతర్జాతీయ న్యాయం కూడా ఈ దిశలో ఒక సూత్రాన్ని నిర్ణయించింది. కొన్ని రకాల సంప్రదాయ ఆయుధాల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు అనుబంధంగా 2003 నవంబరు 28న ఆమోదించిన ఐదో ప్రోటోకాల్, యుద్ధం తర్వాత మిగిలిన పేలుడు అవశేషాలకు సంబంధించినది. అది 2006 నవంబరు 12న అమల్లోకి వచ్చింది. వాడిన ఆయుధాల వివరాలను నమోదు చేయడం, ఆ వివరాలను శుద్ధి చేసేవారితో పంచుకోవడం, ప్రమాద స్థలాలను గుర్తులతో సూచించడం, పౌరులను హెచ్చరించడం ఆ ప్రోటోకాల్ విధించిన బాధ్యతలు. మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో గానీ, 2008 నాటి క్లస్టర్ ఆయుధాల ఒప్పందంలో గానీ చేరని భారతదేశం, ఈ ప్రోటోకాల్‌ను మాత్రం 2005లోనే అంగీకరించింది. సాయుధ పోరాటానికి వర్తించే ఈ నియమాలు సూర్యలంక సాధనకో, పల్నాడు పంది వేటకో వర్తించవు. కానీ వదిలినవాడు నమోదు చేయాలి, తొలగింపుకు తోడ్పడాలి, పౌరులను హెచ్చరించాలి అన్న సూత్రాన్ని యుద్ధభూమికి ఒప్పుకున్న ప్రభుత్వం శాంతికాలపు పంటచేనుకు ఒప్పుకోకపోవడానికి కారణం కనబడదు.

ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త శాఖ అవసరం లేదు. 2019లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ ఉంది. జిల్లా పోలీసుల దగ్గర బాంబు నిర్వీర్య బృందాలున్నాయి. 112 నంబరు ఉంది. లేనిదల్లా ఒక లిఖితపూర్వక హామీ: పేలుడు వస్తువును తాకకుండా, కదిలించకుండా, ఉన్నచోటే వదిలి జాడ చెప్పినవారి పేరు అడగరని, జాడ చెప్పిన ఒక్క కారణంతో ఏ చట్టం కిందా కేసు పెట్టరని హోంశాఖ, అటవీశాఖ కలిసి ఇచ్చే ఉత్తర్వు. వేటగాడు తాను పెట్టి ఏరుకోలేకపోయిన ఉండ గురించి చెప్పినప్పుడు కూడా ఈ హామీ వర్తించాలన్నది చాలామందికి రుచించని మాట. నేరస్థుడికి మినహాయింపు ఇచ్చినట్టవుతుందన్న అభ్యంతరం బలమైనదే. ఒక వేటగాడు శిక్ష తప్పించుకోవడమా, మిరప కోతకు వచ్చిన కూలీ బిడ్డ చేయి పోవడమా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు ప్రభుత్వం బిడ్డ వైపు నిలబడటం సబబు. తయారీదారుల మీద, మందు సరఫరా చేసేవారి మీద కేసులు యథావిధిగా సాగాలి. క్వారీల నుంచి జిలెటిన్, డెటోనేటర్లు దారి మళ్లకుండా గనుల శాఖ, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నిల్వ పుస్తకాలను సరిచూడాలి. పంది నష్టానికి పరిహారం పంట కాలంలోనే అందితే రైతు నాటుబాంబు వైపు చూసే అవసరం కొంత తగ్గుతుంది. మిరప కోతల సీజనుకు ముందు వలస కూలీల డేరాల దగ్గర, ఏ వస్తువును ముట్టుకోకూడదో బొమ్మలతో చూపడం వ్యవసాయశాఖ ఒక పూటలో చేయగల పని.

తీరం విషయంలో తొందర ఎక్కువ. కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర దాదాపు 1,500 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించే క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. సూర్యలంకకు సముద్రం మీదుగా అది ఎంతో దూరం కాదు. రెండు కేంద్రాల ప్రమాద మండలాలు కలిస్తే నిజాంపట్నం నుంచి దివిసీమ దాకా ఉన్న చిన్న పడవల వేటకు మిగిలే రోజులు, మిగిలే నీళ్లు తగ్గుతాయి. ఆ కేంద్రం ఇంకా నిర్మాణ దశలోనే ఉంది కాబట్టి వేట ఆగిన రోజుకు చెల్లించే మొత్తం, ప్రతి ప్రయోగం తర్వాత సముద్రంలో మిగిలిన శకలాల సంఖ్యను మత్స్యశాఖకు తెలియజేసే బాధ్యత, నిషేధ ప్రాంతంలో దొరికినా సరే వలలో పడిన శకలం గురించి చెప్పిన పడవ మీద కేసు ఉండదన్న నియమం, తెగిన వలకు వారం రోజుల్లో పరిహారం, ఇవన్నీ మొదటి క్షిపణి లేవకముందే కాగితం మీదికి రావాలి. వాటిని ఇప్పుడు రాయించుకునే అవకాశం మత్స్యకార సంఘాలకు, బాపట్ల, కృష్ణా జిల్లాల ప్రజాప్రతినిధులకు ఉంది.